తమలపాకు తీగ కింద చలిమంట

మా ఇంట్లో నా చేతి మీదుగా జరిగిన అగ్నికాండ గురించి చెప్తాను. కాస్త దగ్గరగా జరగండి. మరీ దగ్గరికొద్దు, నేను మంట అనే మాట ఎత్తితేనే మావాళ్ళు కుర్చీలు వెనక్కి లాక్కుంటారు. ముందే ఒక మాట. ఇందులో ఎవరూ చనిపోలేదు, ఇల్లు కూలలేదు. నా కుడివైపు మీసం సగం కాలింది, అదీ మళ్ళీ మొలిచింది. అయినా మా ఇంట్లో ఆనాటి కంటే పెద్ద నష్టం ఇప్పటిదాకా జరగలేదు. మీరు కడుపారా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ సగం దాకా మీతో కలిసి నవ్వుతాను, ఆ తర్వాత మాత్రం నావల్ల కాదు.

బీదర్‌లో నాకు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. చిమ్‌కోడ్ నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ బావుల దగ్గర కాలిపోయిన మోటార్లు నా దగ్గరికే వస్తాయి. కాలినవాటిని బాగు చేసి అన్నం తినేవాణ్ణి, బాగున్నదాన్ని కాల్చి పేరు తెచ్చుకున్నాను. నా పేరు నర్సింగ్. అప్పుడు ఇంట్లో నా భార్య సుజాత, ఆమె తల్లి, నేను. సుజాత తల్లి అంటే మా అత్తమ్మ. ఈ కథంతా ఆమెదీ, ఆమె తమలపాకు తీగదీ.

ఆ తీగను నాటింది మా మామ. మేం ఇల్లు కట్టుకున్న ఏడాది తమ ఊరు కుశనూర్ నుంచి తడి గోనెసంచిలో చుట్టుకొని ఇంత ముక్క తెచ్చాడు. స్నానాల గది నీళ్ళు పారే మూల చూసి నాటాడు. పక్కన నీడకు అవిసె మొక్క పెట్టి, గోడకూ అవిసెకూ మధ్య తీగలు కట్టి పందిరి వేశాడు. మా ఎర్రరాతి నేలలో, మా ఎండల్లో తమలపాకు బతకడమంటే మాటలు కాదు. ఎండాకాలం దానికి తడి గోనెలు కప్పేవాళ్ళం. నాకు కూడా అంత సేవ జరగలేదు.

మామ పోయాక అత్తమ్మ ఎక్కడుండాలనే మాట వచ్చింది. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె ఇల్లు ధన్నూరలో. అక్కడ చేను, బావి, గేదెలు, పాలు, పెరుగు అన్నీ ఉన్నాయి. అందరూ అక్కడికే పోతుందనుకున్నారు. అత్తమ్మ మాత్రం మా వాకిట్లో చెంబు పట్టుకొని నిలబడి, "మీ మామ నాటిన ఆకు ఈడున్నది. దానికి నీళ్ళెవరు పోస్తరు? ఆకు ఏడుంటే నేనాడనే ఉంట" అంది. అట్లా ఆమె మా ఇంట్లో ఉండిపోయింది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. దుకాణం నుంచి రాగానే "తిన్నవా కొడుకా" అని అడిగే మనిషి ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో అత్తమ్మ వచ్చాకే తెలిసింది. రాత్రి అన్నాలయ్యాక పందిరి దగ్గరికి పోయి ఆకులు కోసుకొచ్చేది. ఒకటి మామ ఫొటో ముందు పెట్టేది. మిగతావాటికి సున్నం రాసి, వక్క వేసి, చుట్టి, మొదటి చుట్ట నా చేతిలో పెట్టేది. సుజాతకు రెండోది. దీనికి సుజాత మొహం మాడ్చుకునేది, నేను ఆమెను చూస్తూ కావాలనే నెమ్మదిగా నమిలేవాణ్ణి.

ఇప్పుడు నష్టానికి మొదలు చెప్తాను. మా వైపు చలికాలంలో ఎళ్ళ అమాస అని వస్తుంది. ఆనాడు ఊరంతా చేలల్లోనే ఉంటుంది. పప్పులూ కూరలూ కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టె, అంబలి కట్టుకొని పోయి, చేనుకు మొక్కి, అక్కడే కూర్చొని తింటాం. నాలుగైదేళ్ళ కిందట ఆ పండక్కి ధన్నూర పోయాం. అక్కడ సుజాత అక్క మొగుడు విఠలన్న ఉన్నాడు. భార్య అక్కాచెల్లెళ్ళ మొగుళ్ళను మేం సడ్డకులంటాం. సడ్డకులకు ఒకరంటే ఒకరికి మస్తు ప్రేమ ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

విఠలన్న పిడకలు పేర్చి అగ్గి చేశాడు. అందులో లేత జొన్న కంకులు కాల్చి, అరచేతిలో నలిచి, వేడి వేడి ఊసబియ్యం అత్తమ్మ ఒళ్ళో పోశాడు. ఆమె నిప్పుల దగ్గర చేతులు చాపి కూర్చొని, "విఠలయ్య అగ్గి చేస్తే పొగనే రాదు చూడు. పాణం నిమ్మళమైతాంది. ఈ సలికాలమంత ఈడనే ఉండబుద్దైతాంది" అంది.

నా నోట్లో ఊసబియ్యం అట్లాగే ఆగిపోయింది. విఠలన్న నా వైపు చూసి, "ఉండు అత్తా, నీ ఇల్లే గద" అన్నాడు. పళ్ళన్నీ కనిపించాయి.

ఇంటికి వస్తూ బస్సులో అడిగాను. "అత్తమ్మా, మన ఇంట్ల సలెక్కువ ఉన్నదా?"

"ఉండదా కొడుకా? పొద్దుమూకితే మోకాళ్ళు బిగుసుకపోతున్నయి."

"నేను సూస్త తియ్యి" అన్నాను. ఈ మాట నేను ఎప్పుడన్నా సుజాత బస్సు కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆనాడూ చూసింది.

ఇక ఫోన్ పట్టుకున్నాను. వెతకగా వెతకగా ఒక వీడియో దొరికింది. ఏదో దేశంలో తెల్లగా ఉన్న ముసలాయన, ముసలామె తోటలో కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. వాళ్ళ ముందు బాన పొట్ట, పొట్టకు పెద్ద నోరు, పైన పొడుగాటి మెడ ఉన్న మట్టి పొయ్యి. నోట్లో మంట, మెడలోంచి సన్నగా పొగ. దాని పేరు చిమ్నియా అట. ముసలామె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని నవ్వుతోంది. నాకు ఆమె స్థానంలో అత్తమ్మ కనిపించింది. ఇంకేం ఆలోచించలేదు, ఆర్డర్ పెట్టాను. ఆ చేత్తోనే విఠలన్నకు ఫోన్ చేసి, "అన్నా, ఆదివారం సాయంత్రం అందరు మా ఇంటికి రండి. పొగ రాని అగ్గి ఎట్లుంటదో సూపిస్త" అన్నాను.

సామాను తెచ్చిన కుర్రాడు మా గేటు దగ్గర పెట్టె దింపి నడుం పట్టుకొని, "ఏన్ సార్ ఇదు? దేవర మూర్తినా?" అని కన్నడంలో అడిగాడు. దేవుడి విగ్రహమా అని. విప్పి చూసి అత్తమ్మ కూడా దండం పెట్టబోయి ఆగింది.

"ఏందిది కొడుకా? కుండనా, పొయ్యినా?"

"రెండు అత్తమ్మా."

"రెండెట్లయితది? కుండయితే నీళ్ళల్ల నానెయ్యాలె. పొయ్యయితే పసుపు కుంకుమ పెట్టి పాలు పొంగియ్యాలె. ఏదో ఒకటి చెప్పు."

"రెండు చేద్దం" అన్నాను.

నా ఈ రెండు ముక్కల తీర్పులోనే సర్వనాశనమూ ఉంది. మీకు అర్థమయ్యే ఉంటుంది. సుజాతకూ అర్థమైంది. పెట్టెలో ఒక కాగితం వచ్చింది, దాన్ని పట్టుకొని ఆమె నా వెనకే తిరగడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, దీనికి తడి తగలొద్దట. వానొస్తే కప్పి పెట్టాల్నట."

"అది వాళ్ళ మట్టి సంగతి. మన ఇంట్ల కొత్త కుండను నానెయ్యకుండ పొయ్యి మీద ఎన్నడన్న పెట్టినమా? అత్తమ్మను అడుగు."

"కుండనైతే పెట్టలేదు" అంది అత్తమ్మ, కొంచెం అనుమానంగా.

"లోపల ఇసుక పొయ్యాల్నట" అంది సుజాత.

"ఇసుక పోస్తే కట్టెలకు జాగేది?"

"మొదట్ల చిన్న చిన్న మంటలు పెట్టి అలవాటు చెయ్యాల్నట."

"అలవాటు చెయ్యనీకి అదేమన్న కొత్త కోడలా?"

"చెట్లకు, పందిళ్ళకు దూరంగ ఉండాల్నట. మీద ఏమీ ఉండొద్దట."

ఇక్కడే నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఇంట్లో అగ్ని ఉండాల్సిన మూల ఆగ్నేయం, ఇది మా వీధిలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. మా ఇంటికి ఆగ్నేయం మూలలో ఉన్నది తమలపాకు పందిరి. నేను చిమ్నియాను తీసుకుపోయి సరిగ్గా ఆ పందిరి కిందనే పెడతానన్నాను. వాస్తుకు వాస్తు, గాలికి అడ్డం, ఫొటో తీస్తే వెనక పచ్చగా కనిపిస్తుంది. ఇంత తెలివి ఒక్క మనిషికి ఎట్లా వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది.

అత్తమ్మ పందిరి దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆగ్నేయమంటవు, సరే. మరి ఆకుకు సెగ తగలదా?"

"తగలదు అత్తమ్మా. పొగ సీదా గొట్టంలకెళ్ళి మీదికి పోతది."

"మీద ఆకే ఉన్నది గద కొడుకా?"

"దానికి కూడ జెర వెచ్చగుంటది తియ్యి" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నన్ను పీక్కుతింటుంది. మోటారు చుడుతూ చుడుతూ మధ్యలో గుర్తొస్తే చెయ్యి ఆగిపోతుంది. అల్లుడు తన మోకాళ్ళ కోసమే ఇంత హైరానా పడుతున్నాడని ఆమె ఊరుకుంది. ఆమె గట్టిగా వద్దని ఉన్నా నేను వినేవాణ్ణి కాదేమో.

చిమ్నియాను నీళ్ళ తొట్లో ముంచాం. బుడగలు వచ్చాయి. "సూడు, ఎంత దూపైందో" అని, దాని దాహం చూసి నేను మురిసిపోయాను. ఆదివారం పొద్దున బయటికి తీస్తే మోసుకొచ్చినప్పటికంటే రెట్టింపు బరువుంది. ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి పైపైన ఆరింది. లోపల పొట్ట నిండా నీళ్ళు తాగి కూర్చుందన్న సంగతి నాకు తట్టలేదు. తడి మోటారుకు కరెంటు ఇస్తే ఏమవుతుందో రోజూ పదిమందికి చెప్పేవాణ్ణి నేనే.

సాయంత్రం విఠలన్న, వదిన వచ్చారు. కుర్చీలు వేశాను. అత్తమ్మ చిమ్నియాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. దాని నోట్లో రాళ్ళు పేర్చి, చిన్న గిన్నెలో పాలు పెట్టాం. నేను అగ్గి ముట్టించాను. ముట్టించగానే లోపలి తడికి మంట లేవక, పొగ మొత్తం మెడలోంచి పోవడం మాని నోట్లోంచి మా మీదికి వచ్చింది. అందరూ దగ్గడం మొదలుపెట్టారు.

"తమ్మీ, పొగ రాని అగ్గి ఇదేనా?" అన్నాడు విఠలన్న కళ్ళు తుడుచుకుంటూ.

"ఆగన్నా, కట్టెలు సాలలేదు."

"సాలినయి తమ్మీ, ఎక్కువైనయి. జెర తియ్యి."

ఆ మాట ఇంకెవరైనా అంటే తీసేవాణ్ణి. విఠలన్న అన్నాక ఎట్లా తీస్తాను? దుకాణం నుంచి తెచ్చిన పాత చెక్కలు ఒక కట్ట ఉంది. మోటార్లకు పూసే వార్నిష్ పడీ పడీ నల్లగా నిగనిగలాడుతున్నవి. ఆ కట్ట మొత్తం లోపలికి తోశాను.

"ఏమయ్యా! రంగు కట్టెలు పెట్టొద్దట!" అని సుజాత కాగితం ఊపింది.

అప్పటికే మంట అందుకుంది. అదీ ఎట్లా? చిమ్నియా మెడలోంచి బుస్సుమని మూరెడు ఎత్తున పైకి లేచింది. నేను గర్వంగా విఠలన్న వైపు చూశాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నాడు. అంతలో గిన్నెలో పాలు పొంగాయి. "పొంగినయ్! పొంగినయ్!" అని వదిన చప్పట్లు కొట్టింది, అత్తమ్మ రెండు చేతులూ జోడించింది, నేను దగ్గరికి వంగి ఫొటో తీయబోయాను.

ఢామ్మంది.

నా మీసం ఆ ఫొటోకే పోయింది. చిమ్నియా పొట్ట నిలువునా పగిలింది, మెడ విరిగి, లోపలి మంటతో సహా పోయి పందిరి మీద పడింది. నిప్పులు, చెక్కలు, ఉడుకుతున్న పాలు తీగ మొదట్లో కుప్పగా పడ్డాయి. వార్నిష్ చెక్క అంటుకుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, అయినా చేతిలో ఫోన్ పట్టుకొని గుడ్లప్పగించి నిలబడ్డాను. "ఆకు! ఆకు!" అని అరుస్తూ అత్తమ్మ ఉత్త చేతులతో మంటలోకి పోబోయింది. సుజాత ఆమె నడుం పట్టుకొని వెనక్కి లాగింది. విఠలన్న బకెట్లతో నీళ్ళు కుమ్మరించాడు. మంట ఆరింది. పందిరి మీద పచ్చగా ఏమీ మిగల్లేదు. ఆవిరి పోయాక చూస్తే తీగ మొదలు ఉడికించిన ఆకుకూర రంగులో ఉంది.

పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి తలలు పెట్టి, "ఏమైంది నర్సింగన్నా, సిలిండరా?" అని అడిగారు. ఏం చెప్పను? పాలు పొంగించామని చెప్పాను.

అత్తమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నీ మీసం కాలింది, నెయ్యి రాసుకో" అంది, అంతే. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆ రాత్రి అన్నాలయ్యాక అలవాటు కొద్దీ లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. మామ ఫొటో ముందు ఉత్త వక్క ఒకటి పెట్టింది. నేను కంచం ముందు తలెత్తలేదు. విఠలన్న కూడా ఆ రాత్రి నన్ను ఒక్క ఎకసెక్కం ఆడలేదు. దాంతో ఎంత పెద్ద తప్పు జరిగిందో నాకు ఇంకా బాగా తెలిసింది.

తెల్లారి అత్తమ్మ పందిరి దగ్గర కూర్చొని బూడిద కదిలిస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను. గోడ వెంట చాలా దూరం పాకిన ఒక్క కొమ్మ బతికి ఉంది. దాన్ని కణుపు చూసి కోసి, తన పాత చీర పేలిక తడిపి చుట్టింది. మా మామ తెచ్చినప్పుడు కూడా అంతే ఉండేదనుకుంటా.

"విఠలయ్యా, మీ బాయి కాడ నీడ ఉన్నదా?" అని, రాత్రి మా ఇంట్లోనే ఆగి అప్పుడే లేచి వచ్చిన విఠలన్నను అడిగింది.

"ఉన్నది అత్తా. నిమ్మచెట్టు కింద మస్తు నీడ."

"అయితే నేను మీ ఎంబడి వస్త. ఇది ఎండకముందే నాటాలె."

"అత్తమ్మా, ఈడనే ఇంకో మూల నాటుదం. నీళ్ళు నేను పోస్త. పొద్దుకోసారి పోస్త. నాకు బుద్దొచ్చింది" అన్నాను.

"ఈ మట్టి ఉడికిపోయింది కొడుకా. వార్నిషో ఏందో, వాసన సూడు." నా తల మీద చెయ్యి పెట్టింది. "కోపంతోని పోతలేను. నువ్వు నా మోకాళ్ళ కోసమే చేసినవు, నాకు తెల్వదా?"

అది తెలిసి కూడా పోయింది. తెలియకపోయినా, కోపంతో పోయినా నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. విఠలన్న బండిలో ముందు సీట్లో, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఆ పేలిక పెట్టుకొని కూర్చుంది. ఆమెను ధన్నూర పోనివ్వకూడదని తెప్పించిన చిమ్నియా, ఆమెను నేరుగా ధన్నూర పంపింది.

ఇల్లు బోసిపోయింది. దుకాణం నుంచి వస్తే అడిగేవాళ్ళు లేరు. సుజాత అడుగుతుంది, అడగదని కాదు, కానీ ఆమె అడిగేటప్పుడు చేతిలో ఆ కాగితం ఉన్నట్టే నాకు అనిపిస్తుంది. ఆమె తల్లిని నేనే సాగనంపాను కదా, ఆమె బాధ నాకంటే తక్కువా? ఒకసారి గిన్నెలు కడుగుతూ తల్లిని తలుచుకొని, "అవ్వ ఉంటే ఈపాటికి ఆకు తెస్తుండె" అంది. నేను పోయి పడుకున్నాను.

తీగ మాత్రం ధన్నూరలో పట్టింది. పట్టడమా, బావి నీళ్ళు తాగి నిమ్మచెట్టంతా ఎక్కింది. అరచేతి కంటే పెద్ద ఆకులు. నేను వీలున్నప్పుడల్లా పోతాను. ఇప్పుడు అత్తమ్మ మొదటి చుట్ట విఠలన్నకు ఇస్తుంది, ఇంటివాడు కదా. ఆయన దాన్ని నా వైపే చూస్తూ నెమ్మదిగా నములుతాడు. నాకు రెండోది వస్తుంది. నేను నోరు మూసుకొని తింటాను.

పోయిన దసరాకు ఎట్లాగో బతిమాలి అత్తమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆగ్నేయం మూల మట్టి మొత్తం తవ్వి పోసి, చేను మట్టి తెచ్చి నింపి, కొత్త పందిరి వేసి సిద్ధంగా ఉంచాను. చూసి, "మంచిగ చేసినవు కొడుకా" అంది. నాకు ఏనుగెక్కినట్టయింది. పండగ ఉన్నన్ని రోజులూ ఆమె తెచ్చిన ఆకులతో మళ్ళీ మొదటి చుట్ట నాదే.

పోయే రోజు అడిగాను. "అత్తమ్మా, ఒక కొమ్మ తెచ్చి ఈడ నాటుదం. నువ్వు కూడ ఉండిపో."

"సూద్దం తియ్యి" అంది.

సూద్దం అంటే సగం ఒప్పుకున్నట్టే అని నేను సుజాతకు చెప్పాను. సంతోషంగా బస్సు ఎక్కించి వచ్చాం. తెల్లారి సుజాత దేవుడి దగ్గర దీపం పెడదామని చూస్తే ఇంట్లో అగ్గిపెట్టె లేదు. వంటింట్లో చూసింది, అక్కడా లేదు. గ్యాసు పొయ్యి దగ్గరి లైటరు కూడా లేదు. ఇల్లంతా వెతికి, అనుమానం వచ్చి, తల్లికి ఫోన్ చేసి, నాకు కూడా వినపడేట్టు పెట్టింది.

"అవ్వా, అగ్గిపెట్టె ఏమన్న సూసినవా?"

"నా సంచిల ఉన్నది బిడ్డా. లైటరు కూడ ఉన్నది."

"ఎందుకు పట్టుకపోయినవే?"

అత్తమ్మ గొంతు తగ్గించి అంది. "నీ మొగడు మంచోడే బిడ్డా. గని సలికాలం ముందలున్నది."

కాబట్టి మీ అందరి సాక్షిగా, మా మామ ఫొటో మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. బీదర్‌లో చలికి నా పళ్ళు ఊడి కింద పడినా సరే, ఇకమీదట దుప్పటి కప్పుకుంటాను, దాని మీద ఇంకో దుప్పటి కప్పుకుంటాను, అంతే తప్ప కుండలో గానీ, పొయ్యిలో గానీ, ఆగ్నేయంలో గానీ, మిగిలిన ఏ మూలలో గానీ నా చేత్తో నిప్పు పెట్టను. ఊదుబత్తి కూడా సుజాతే ముట్టిస్తుంది. ఈ ప్రమాణమంతా ఫోన్లో అత్తమ్మకు గట్టిగా వినిపించాను. "మంచిది కొడుకా" అంది. అగ్గిపెట్టె మాత్రం ఇంకా తిరిగి రాలేదు.